ఉప్పు లేని దారి

తణుకు విశ్వనాథరాజు గారు ఒక దారిలో వెళ్ళొచ్చారంటే, దానికి పేరు పెట్టకుండా నిద్రపోరు. చంటిపిల్లలకి బారసాల ఆలస్యమైతే అవుతుందేమోగానీ, ఆయన బుల్లెట్ తిరిగిన దారికి మాత్రం బండి చల్లారేలోగా పేరు పడిపోవాల్సిందే.

ఈ జబ్బు అంటించింది ఆయన తమ్ముడి కూతురు భవ్య. పెదనాన్న గారు కాలవగట్ల మీద దారి తప్పకుండా ఉంటారని, బండి హ్యాండిల్‌కి బిగించే జీపీఎస్ ఒకటి కొనిచ్చింది. ఆయన దారి తప్పడమా! ఏ గట్టు ఎక్కితే ఏ లాకు దగ్గర తేలతామో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దారి చూసుకునే అవసరం లేదు కాబట్టి ఆ యంత్రాన్ని ఆయన వేరే పనికి పెట్టుకున్నారు.

లోకమంతా అందులో ఊళ్ళ పేర్లు దాచుకుంటుంది. ఈయన తిండి దాచుకున్నారు. ‘కొవ్వూరు పెసరట్టు భేష్, అల్లం పచ్చడి దండగ’ ఒక దారి. ‘ధవళేశ్వరం బజ్జీ బాగు, మనిషి విసుగు’ ఇంకో దారి. అక్షరాలు ఇంగ్లీషు, భాష అచ్చ తెలుగు. వీటన్నిటికీ మూడు ఫోల్డర్లు: తిన్నవి, తినాల్సినవి, మళ్ళీ తినకూడనివి. పేరులో అబద్ధం ఉండకూడదన్నది ఆయన నియమం.

“మరి మనింటికి ఏం పేరు పెట్టారండి?” అని ఆయన భార్య సూర్యకాంతమ్మ గారు ఓసారి నిలదీశారు.

“ఇల్లు అని పెట్టానండి.”

“అంతేనా? రుచి సంగతి రాయలేదే?”

“మిషన్‌కి భయం లేదుగానీ, నాకుందండి” అన్నారు రాజుగారు.

ఒక మంగళవారం భవ్యకి రాజమండ్రిలో పనిపడి పెదనాన్న బండెక్కింది. నిడదవోలు దాటగానే బండి తిన్నగా పోవడం మానేసి కాలవగట్టు మీదికి తిరిగింది. గతుకులకి భవ్య పళ్ళు టకటకలాడుతుండగా, ఓ రేకుల షెడ్డు ముందు ఆగింది. సూర్యకళ అనే ఆవిడ అక్కడ కొత్తగా టిఫిన్ కొట్టు పెట్టింది. గల్లా దగ్గర ఆవిడ అత్తగారు తలుపులమ్మ కూర్చుని ఉంది. తినేవాళ్ళు మాత్రం లేరు.

“రండి రండి! మంగళవారం మీరొస్తారని నూక ఎక్కువ పోశానండి” అంది సూర్యకళ.

ఉప్మా వేడిగా ఉంది, జీడిపప్పు తగులుతోంది, నెయ్యి ఘుమఘుమలాడుతోంది. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేనే లేదు. ‘అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు’ అందిట ఉప్పు. భవ్య నోరు తెరవబోయింది. బల్ల కింద పెదనాన్న బూటు ఆమె కాలిని నొక్కింది.

“ఎలా ఉందండి?” అడిగింది సూర్యకళ.

“అద్భుతమమ్మా. ఇంకాస్త వెయ్యండి” అన్నారు రాజుగారు.

“మీరొక్కరే ఆ మాటంటూ మళ్ళీ వస్తారండి. బేరాల్లేవు. నెలాఖరుకి కొట్టు ఎత్తేద్దామనుకుంటున్నాం” అంది ఆవిడ, పళ్ళెంలోకి మరో గరిటె వేస్తూ.

బండి దగ్గరకొచ్చాక భవ్య జీపీఎస్ చూసింది. ఆ దారి పేరు ‘ఉప్పు లేని ఉప్మా’. ఉన్నది ‘మళ్ళీ తినకూడనివి’ ఫోల్డర్లో.

“పెదనాన్నగారూ! మీరు అబద్ధమాడారు!”

“మనిషి మొహం మీద ఎలా చెబుతామమ్మా? మిషన్‌కి నిజమే చెప్పాను కదా.”

“మళ్ళీ తినకూడదని రాసుకుని ప్రతివారం వస్తున్నారేంటండి మరి?”

“దారిలో ఉంది కదా.”

“ఏ దారిలో? రాజమండ్రి వెళ్ళేవాళ్ళెవరైనా ఇటొస్తారా?”

రాజుగారు కిక్ కొట్టి, ఆ చప్పుడులో జవాబు దాచేశారు. కాస్త దూరం పోయాక తనే చెప్పారు. “ఓసారి కల్లుప్పు సంచి తెచ్చిచ్చానమ్మా, అర్థం చేసుకుంటుందని. ‘కొట్టుకి దిష్టి తగిలిందని భలే కనిపెట్టారండీ’ అని, ఆ ఉప్పంతా దిష్టి తీసి కాలవలో పోసింది.”

కొట్టు మూసేస్తారన్న మాట భవ్యకి వారమంతా ముల్లులా గుచ్చుకుంది. మరుసటి మంగళవారం సెలవు పెట్టి మళ్ళీ బండెక్కింది. ఆరోజు రాజుగారి హెల్మెట్‌లో జీపీఎస్ మాట వినబడే మిషన్‌కి చార్జింగ్ లేదు. పోనీ అని భవ్య జీపీఎస్‌కి బయటి స్పీకర్ పెట్టింది, సౌండు నిండుగా.

కొట్టు ముందు బండి ఆగింది. సూర్యకళ నవ్వుతూ ఎదురొచ్చింది. అప్పుడు జీపీఎస్‌లోని దొరసాని గొంతెత్తి, గట్టు మీద కొంగలు లేచిపోయేలా పలికింది:

“అరైవింగ్ ఎట్ ఊపూ లేనీ ఊప్మా, ఆన్ లెఫ్ట్.”

రాజుగారు కంగారుగా ఏదో బొత్తాం నొక్కారు. అది మళ్ళీ చెప్పమనే బొత్తాం. దొరసాని మళ్ళీ చెప్పింది.

సూర్యకళ లోపలికెళ్ళి, గిన్నెలోంచి కాస్త ఉప్మా తీసి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది. “మా అత్తగారికి బీపీ అండి. ఏళ్ళ తరబడి ఉప్పు లేకుండానే వండుతున్నాను, అదే తింటున్నాను. నా నాలిక్కి తెలియడం లేదు. మొదటి రోజు నుంచీ ఇంతేనాండి?”

“ఇంతేనమ్మా.”

“తిన్నవాళ్ళంతా బాగుందనే అన్నారండి! మళ్ళీ ఒక్కరూ రాలేదు. వంట బాగానే ఉంది, మా రాతే బాగాలేదనుకున్నాం. ఒక్కరైనా చెప్పొచ్చు కదండి!”

గోదావరి జిల్లాల మొహమాటం అలాంటిది. చేతులు జోడించి పొగిడేసి, చల్లగా కొట్టు మూయించేస్తుంది.

“అయినా, తెలిసి తెలిసి మీరెందుకొచ్చేవారండి?” అంది సూర్యకళ.

రాజుగారు బండి అద్దం తుడుస్తూ నసిగారు. “మొదటి రోజు మీరు, మళ్ళీ వస్తారా అని అడిగారమ్మా. వస్తానన్నాను.”

భవ్యకి అక్కడికక్కడే పెదనాన్నని కావలించుకోవాలనిపించింది. రెండు జిల్లాల్లో ఏ పచ్చడికీ వంక పెట్టకుండా వదలని మనిషి, ఒక్క మాట కోసం ఇన్ని మంగళవారాలు ఆ చప్పిడి మింగారు!

సూర్యకళ మళ్ళీ ఉప్మా చేసింది, ఈసారి ఉప్పు వేసి. “పేరు మార్చెయ్యండి” అంది.

“తిననివ్వండి ముందు” అన్నారు రాజుగారు. తిన్నారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ తాగారు.

“ఎక్కువైందాండి?”

ఆయన భవ్య వైపు చూశారు. ఈసారి భవ్య బూటు ఆయన కాలిని నొక్కింది. “ఎక్కువైందమ్మా” అన్నారు. సూర్యకళ కడుపారా నవ్వింది.

నెలాఖరు వచ్చింది, పోయింది. కొట్టు ఉంది. తలుపులమ్మకి విడిగా చప్పిడి గిన్నె వచ్చింది. ఇప్పుడు మంగళవారం బుల్లెట్ చప్పుడు వినబడితే చాలు, తినేవాళ్ళంతా చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చెవులు రిక్కిస్తారు. మొన్న దొరసాని ఇలా తీర్పు చెప్పింది:

“అరైవింగ్ ఎట్ ఊప్మా బేష్, పచాడీ పాల్చనా, ఆన్ లెఫ్ట్.”

“వచ్చేవారానికి గట్టిగా రుబ్బుతానండీ!” అని లోపల్నుంచి సూర్యకళ కేకేసింది.