రైలు కట్ట మీద ఇంగ్లీషు

నేను డిగ్రీ పాసైనా. ఈ పొద్దు సౌదీలో, రాబిగ్‌లో డ్యూటీకి పోయే బస్సులో ఫోన్లో చూసుకున్యా. నలభై ఏడేండ్లకు, మా ఇంట్లో తాతముత్తాతల కాడ్నుంచి ఎవురికీ దక్కనిది నాకు దక్కె. పక్క సీట్లో నేపాలీ ఆయనకు చూపిస్తే నా చెయ్యి పట్టుకోని ఊపిందే ఊపడం. అప్పుడు నాకు మొదట మతికొచ్చింది మదీనాకు పైన ఎడారిలో ఉండే పాత రైలు కట్ట.

ఆ పక్క పనిచేసినోళ్ళకు తెలిసే ఉంటాది. తుర్కీలు వేసిన రైలంట, మన తాతల కాలంలోనే ఆగిపోయింది. పట్టాలు జనం పీక్కోనిపోయి ఇండ్లకు దూలాలు వేసుకున్యారు, నాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీలు పెద్దాయన ఖర్జూరం కొట్టానికి గూడా అవే. మిగిలింది కంకర కట్ట, వంకల మీద రాతి వంతెనలు. అప్పట్లో నేను ఆయన తోటలో నీళ్ళ మోటర్లు చూసుకుంటాంటి. ఊర్లో కడప టైలర్ చిచ్చా ఒకాయన, పదో తరగతితో ఆగిపోయిన నాకు ఇంటర్ పరీక్షకు ఇంగ్లీషు చెప్తానన్యాడు. ఆయన దుకాణానికి పోయే రోడ్డు మీద లారీల భయం. అందుకే శుక్రవారం నమాజైనాక, ఇంటికెళ్ళిపోయిన బంగ్లాదేశ్ ఆయన వదిలిన సైకిలు తీసి, ఇసుకలో దిగబడకుండా టైర్లలో కొంచెం గాలి తగ్గించి, ఆ కట్ట ఎక్కితే, కంకర చప్పుడు, నేను గట్టిగా అప్పజెప్పుకునే పాఠం, అంతే, ఇంకో మనిషి కనపడడు.

కఫీలుకు అనుమానమొచ్చె, నేను దొంగతనంగా ఇంకోని కాడ పనికి పోతాండానని. అట్ల పట్టుబడితే ఇకామా, ఈడ ఉండేదానికిచ్చే కార్డు, పోతాది, ఇంటికి పంపించేస్తారు. ఒక శుక్రవారం కట్ట పక్కనే పికప్పు నడుపుకుంటా వచ్చి వంతెన కాడ ఆపినాడు. నాకొచ్చే అరబ్బీ పది మాటలు. పుస్తకం చూపించి "పాస్, పాస్" అన్యా. అరబ్బీలో ప లేదు గదా, ఆయన చెవికి అది "బస్" అయిపాయె. బస్ అంటే చాలు అని. నీ పని నాకింక చాలు అంటాండానని అనుకోని మొకం మాడ్చుకున్యాడు. సైకిలు ఎత్తి వెనకేసి నన్ను ఎక్కించుకోని, దోవంతా ఖురూజ్, ఖురూజ్, నిన్ను ఇంటికి పంపిస్తానని ఒకటే మాట. నేను టైలర్ దుకాణం దిక్కు చెయ్యి చూపిస్తే, ఏమనుకున్యాడో, అటు తిప్పినాడు.

చిచ్చా సంగతి విని నవ్వు ఆపుకోలేక కూలబడె. మళ్ళా పెద్దాయనకు అరబ్బీలో మెల్లగా చెప్పె. ఆయన నా నోటుబుక్కు తిప్పి తిప్పి చూసి, రాత మీద వేలు పెట్టి, తనకు అరబ్బీ గూడా చదవను రాదని చిచ్చాతో అన్యాడు. మా ఇంటి పెద్దోళ్ళ మాదిరే ఆయనది గూడా వేలిముద్రే, నాకు అప్పుడే తెలిసింది. పోతా పోతా ఆయనన్న మాట చిచ్చా నాకు తెలుగులో చెప్పినాడు: "వీడు వద్దన్యా వదలొద్దు, చదువు చెప్పు."

ఇంటర్ రెండుసార్లు తప్పినా. మళ్ళా పుస్తకం పట్టేదానికి చానా ఏండ్లు పట్టె, ఆనక ఇంటర్ దాటి డిగ్రీ కట్టినా. పోయినేడు ఆ పక్కకు పోతే కట్టకు కొంతదూరం కంచె వేసుండారు, టూరిస్టులు హెల్మెట్లు పెట్టుకోని బాడుగ సైకిళ్ళ మీద షికారు చేస్తాండారు. మంచిదే. మాకు దోవ లేక ఆ కట్ట ఎక్కితిమి, వీళ్ళకు అదే ఒక ముచ్చట. నా పిల్లలకు గూడా చదువు అట్లే, ఇంటి ముందరే ఉండె. వాళ్ళు "శభాష్ నాయనా" అన్యారు గానీ, నా సంబరం ఎంతో వాళ్ళకు ఎట్ల తెలుస్తాది.

ఇంక ఫోన్ చేయాల్సినోళ్ళు: కడపకు తిరిగిపోయిన చిచ్చాకు, చెవులు సరిగా వినపడవు, అరవాల. కఫీలు పెద్దకొడుక్కు, పెద్దాయన మంచం మీద ఉండాడంట, ఫోన్ ఆయన చెవి కాడ పెట్టమనాల. సౌదీలోనే హఫర్ అల్ బాతిన్‌లో ఉండే బామ్మర్దికి, వాడు నమ్మడు, ఫోటో పంపాల. అక్కకు అందరికంటే ఆఖర్న. ఆమెకు ముందే చెప్తే నేను చెప్పేదానికి ఊర్లో ఒక్క మనిషి మిగలడు.