పిన్ని నిచ్చెన వదిలేసిన రోజు

మా బాబాయి దుకాణాలకు బోర్డులు రాస్తాడు. ఒకప్పుడు నిచ్చెన ఎక్కేముందు ఆయన చేసే హడావిడి అంతా ఇంతా కాదు. ప్రతి మెట్టూ తట్టి చూసేవాడు, నడుముకు తాడు కట్టుకునేవాడు, కింద పిన్ని రెండు చేతులా పట్టుకుంటే తప్ప కాలు పెట్టేవాడు కాదు.

పోయిన ఏడాది ఎవరో ఏజెంటు ఆయన చేత ప్రమాద బీమా చేయించాడు. అంతే, మనిషికి రెక్కలొచ్చాయి. తాడు మూలన పడింది. చిట్టచివరి మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రాయడం మొదలుపెట్టాడు. పిన్ని లబలబలాడితే ఒకటే మాట: "బీమా ఉందిగా!" ఆ కాగితం ఎగిరొచ్చి తనను గాల్లోనే పట్టేసుకుంటుందని నమ్మకం కాబోలు. నాకైతే ఒళ్ళు మండేది.

మొన్న ఒక కొత్త మందుల షాపుకు 'అభయం' అని రాయాలి. బోర్డు ఎడమ చివర తెల్లరంగు ఇంకా ఆరలేదని కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. 'యం' అయింది, 'భ' అయింది. 'అ' రాయాలంటే దిగి నిచ్చెన జరపాలి. బద్ధకించి, ఉన్నచోటి నుంచే పక్కకు వంగబోయాడు.

"దిగండి, జరుపుదాం," అంది పిన్ని.

"బీమా ఉందిగా!"

"అయితే ఇక్కడ నేనెందుకు? ఆ కాగితాన్నే పట్టుకోమనండి." చేతులు దులుపుకుని ఎదుటి దుకాణం మెట్ల మీద కూర్చుంది.

నిచ్చెన కాస్త కదిలింది. బాబాయి బల్లిలా గోడను కరుచుకున్నాడు. "ఏమేవ్! పట్టుకోవే!"

షాపాయన బయటికొచ్చి తలెత్తి చదివాడు. "మందుల షాపుకు 'భయం' అని పేరు పెడితే ఎవరొస్తారయ్యా?"

వీధి వీధంతా పగలబడి నవ్వింది, నాతో సహా. పిన్ని మాత్రం నవ్వలేదు. అప్పటికే పరిగెత్తుకెళ్ళి నిచ్చెన పట్టేసుకుంది.

బాబాయి ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"పిచ్చిదానా, అంత భయమేంటే?"

"మీరు భయపడటం మానేశారుగా. మీ వంతు కూడా నేనే పడుతున్నా, ఏడాదిగా!"

బాబాయి మిగిలిన అక్షరం రేపు రాస్తానని షాపాయనకు సైగ చేశాడు.