గాడి కింద పగులు

వెర్లిన్ ఓస్లండ్ చెవి గురించి సామన్ ఊళ్లో ఒక కథ ఉండేది. రివాల్వర్‌లో తూటాలు పట్టే సిలిండర్‌ను దారానికి వేలాడదీసి గోటితో మీటితే చాలు, ఆ ఉక్కు ఏ కొలిమిలో పుట్టిందో, ఆ పూట కొలిమివాడు పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేవాడట. పెళ్లాం సంగతి ఎలా ఉన్నా, ఉక్కు సంగతి నిజమేనని అందరూ నమ్మేవారు. ఎలుగుబంటి వేటకు, ఎల్క్ దుప్పుల వేటకు కొండలెక్కేవాళ్లు పెద్ద రివాల్వర్ కావాలంటే నదిగట్టున ఉన్న అతని రేకుల షెడ్డుకే వచ్చేవారు. అతను చేసే సిలిండర్‌లో తూటాలకు ఐదే గదులు. ఆరు అడిగినవాణ్ని అట్నుంచి అటే పంపేసేవాడు.

ఒకసారి టెక్సాస్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పట్టుబట్టాడు. "లోకంలో అందరికీ ఆరుంటే నాకు మాత్రం ఐదేంటయ్యా?"

"నీ చేతికి వేళ్లెన్ని?"

"ఐదు."

"అవి ఐదూ ఉండాలంటే ఇవీ ఐదే. ఆరో తూటా జేబులో పెట్టుకో."

ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది. వెర్లిన్ మాత్రం నవ్వలేదు.

సిలిండర్ తిరిగి, సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఆగాలంటే బయటివైపు గదికొక గాడి కోయాలి. ఆరు గదులుంటే ఆ గాడి గది నడినెత్తిన పడుతుంది. గోడ ఎక్కడ పల్చనో అక్కడే మళ్లీ కోత పడుతుందన్నమాట. ఐదు గదులైతే గాడి రెండింటి మధ్య, ఉక్కు దిట్టంగా ఉన్నచోటికి జరుగుతుంది. పనిలో చేరిన మొదటి ఏడాదే వెర్లిన్‌కు ఇది తెలుసు. తెలిసీ ఒక్కడి కోసం ఒక్కసారి కాదనలేకపోయాడు.

ఆ ఒక్కడు డెల్మర్ ఈటన్. ఇద్దరూ ఒకే బడి ఎగ్గొట్టి ఒకే ఏట్లో చేపలు పట్టినవాళ్లు. డెల్మర్‌కు వేటకుక్కలంటే ప్రాణం. ఒకరోజు వాళ్ల నాన్నదైన ఆరు గదుల రివాల్వర్ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"గదులు పెద్దవి చెయ్యరా. పెద్ద తూటా పట్టాలి."

"కొత్త సిలిండర్ చేసిస్తాను, ఐదు గదులది."

"ఊహూఁ. నాన్న పేరు దీనిమీదే చెక్కుంది."

"ఇందులో గాడి కింద ఏం మిగలదురా."

"తూటాలు నేనే నింపుకుంటాగా, మందు తక్కువే పోస్తాలే. నామీద నమ్మకం లేదూ?"

వెర్లిన్ కొలిచి చూశాడు. గాడి కింద బొటనవేలి గోరు మందాన ఉక్కు మిగులుతుంది. అయినా కోశాడు.

నాలుగో ఏడు, ఆకులు రాలే రోజుల్లో కుక్కలు ఎలుగుబంటిని చెట్టెక్కించాయి. డెల్మర్ పేల్చాడు. సిలిండర్ బద్దలైంది. కుడికన్ను, కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. తోటివాళ్లు ముక్కల్ని ఏరి, టోపీలో వేసి వెర్లిన్‌కు తెచ్చిచ్చారు.

వెర్లిన్ ఆసుపత్రికి వెళ్లేసరికి డెల్మర్ కట్ల మధ్యనుంచే అన్నాడు: "ఒక తూటాలో రెండుసార్లు మందు పోసుంటానురా. ఇంకేముంటుంది?"

వెర్లిన్ తల ఊపాడు.

అప్పటికే అతను ఆ ముక్కల్ని భూతద్దం కింద చూశాడు. మందు ఎక్కువై ఒక్కసారిగా పగిలిన ఉక్కైతే అంచంతా తెల్లగా మెరవాలి. కానీ గాడి అడుగున అర్ధచంద్రంలా నల్లటి మరక ఉంది. పొగ పట్టిన పాత పగులు. ఎన్ని తూటాల నుంచో కొంచెం కొంచెంగా పాకుతూ వచ్చింది. చూసి కూడా తల ఊపాడు. నోటితో అనలేదు కాబట్టి అది అబద్ధం కాదని చాలాకాలం తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆనాటి నుంచే ఐదు గదుల పట్టుదల. దానితోనే అతనికి పేరొచ్చింది. డెల్మర్‌కూ ఒక పేరొచ్చింది. "ఏం జోడుమందూ, కాఫీ ఒక్కసారే పోయించుకో, కప్పు పేలుద్ది!" అని హోటల్లో అరిచేవారు. డెల్మర్ వాళ్లతో పాటే నవ్వేవాడు. తూటాలు నింపే సరంజామా ఎవరికో ఇచ్చేశాడు. తర్వాత కుక్కల్నీ ఇచ్చేశాడు.

ఆరేళ్లకు డెల్మర్ భార్య లవోనాకు గుండెజబ్బు పట్టుకుంది. వారానికి సరిపడా మాత్రలు ఏడు అరల డబ్బాలో సర్దాలి. ఆ డబ్బా పట్టుకుని డెల్మర్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెర్లిన్ షెడ్డుకు వచ్చేవాడు. వెర్లిన్ లెక్కపెట్టి సర్దితే, ఇద్దరూ కాఫీ తాగి, హకుల్‌బెర్రీ పండ్లు పెట్టి కాల్చిన తీపిరొట్టె తినేవారు.

"నువ్వే లెక్కపెట్టుకోవచ్చు కదరా," అన్నాడు వెర్లిన్ ఒక ఆదివారం. "నీ ఒంటికన్ను నా రెండు కళ్లకంటే నయం."

"ఆ మందు రెండుసార్లు పోసి కన్ను పోగొట్టుకున్నాను. ఈ మందు రెండుసార్లు వేస్తే మనిషే పోతుంది. నా చేతిని నేను నమ్మనురా."

గురువారం అర దగ్గర వెర్లిన్ చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు పోయలేదు."

"ఏంటి?"

"రెండుసార్లు పోయలేదు. నువ్వన్నట్టు తక్కువే పోశావు. నా కోతే నిలవలేదు. ముక్కలున్నాయి, చూపిస్తాను."

డెల్మర్ భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ నల్లమరక అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే."

"తల ఊపావు కదరా."

"ఊపాను."

డెల్మర్ గొంతు పెంచలేదు. "పడుకున్నప్పుడల్లా ఆ తూటాలన్నీ మళ్లీ నింపుకునేవాణ్ని, ఒక్కొక్కటే. ఎక్కడ తప్పానో దొరికేది కాదు. కుక్కల్లో జూనోని కూడా ఇచ్చేశానురా. మూడుసార్లు తిరిగొచ్చిందది. మూడుసార్లూ తీసుకెళ్లి వదిలొచ్చాను."

డబ్బాలోని మాత్రలన్నీ బల్లమీద కుమ్మరించాడు. ఎడమచేత్తో ఒక్కొక్కటే ఏరి ఏడు అరలూ నింపాడు. మూత నొక్కి, కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాఫీ ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెర్లిన్ హోటల్లో నిలబడి తప్పు తనదేనని అందరికీ వినపడేలా చెప్పేశాడు. ఒక ముసలాయన లేచి వచ్చి, నిజాయితీ గల మనిషివయ్యా అని చెయ్యి కలిపాడు. ఇంకో ఇద్దరూ కలిపారు. ఆర్డర్లు ఒక్కటీ తగ్గలేదు. తిట్లకు సిద్ధపడి వెళ్లిన వెర్లిన్‌కు ఆ చేతులు కలపడమే భరించరానిదైంది.

తర్వాతి ఆదివారం డెల్మర్ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

నెల తర్వాత పోస్టాఫీసు మెట్ల దగ్గర లవోనా కనిపించింది. చిక్కిపోయింది.

"ఎలా ఉన్నాడు?"

"తనే లెక్కపెడుతున్నాడు. ఒకటికి మూడుసార్లు. ఒక్కటీ తప్పలేదు. అయ్యాక బయటికెళ్లి కట్టెల మోపు మీద కూర్చుంటాడు."

"నా గురించి ఏమైనా..."

లవోనా చేతితొడుగులు సరిచేసుకుంది. "అనలేదు వెర్లిన్. నీ పేరు నేనెత్తినా లేచి వెళ్లిపోతాడు. నువ్వు రాకు. ఇప్పుడే రాకు."

వెర్లిన్ ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. మంచు కురుస్తున్నా సరే, ఆదివారం మధ్యాహ్నం షెడ్డు తలుపు బార్లా తీసే ఉంచేవాడు. చలికి చేతులు కొంకర్లు పోయి, ఆ పూట పని మాత్రం సాగేది కాదు.