కూర్చోకుండా కొన్న సైకిల్

ఈ పత్రికలో ఈ శీర్షికకి ఇదివరకు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ వేయలేదు. వేయడం లేదని ఒక్క ముక్క జవాబూ రాలేదు. సైకిల్ అమ్మినాయన నా ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదట చూసిన డాక్టరు నా మాట పూర్తికాకముందే మందులు రాసేశాడు. ఎవరినీ మర్చిపోలేదు. ఇప్పుడు మూడోసారి రాస్తున్నాను, ఈసారి ఒక మాట మార్చి. ముందు పంపినవాటిలో నాది మోకాలి నొప్పి అని రాశాను. మోకాలిది కాదు. తొడల మధ్య, సైకిల్ సీటు ఆనే చోటిది. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది.

మాది బరంపురం. పట్టుచీరల వ్యాపారం. పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకి చీరలు విప్పి చూపించడం నా పని. నలభై దాటాక షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ఇంట్లో ఉన్న పాత సైకిల్ తుడిచి తొక్కడం మొదలుపెట్టాను. గోపాల్‌పూర్ వైపు సరుగుడు తోటల్లో మట్టిదారులున్నాయి. పొద్దున్నే అక్కడ తిరిగొస్తే ఆ రోజంతా ఎవరేమన్నా కోపం వచ్చేది కాదు. నా సంగతి తెలిసినవాళ్ళకి అది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. అందుకే మంచి సైకిల్ కొనుక్కోవాలనుకున్నాను. గతుకులు తెలియకుండా ముందూ వెనకా షాక్‌లుండే క్రాస్‌కంట్రీ బైకు, ఆడవాళ్ళ కొలతలకి చేసినది, స్మాల్ సైజు. ఫోన్‌లో చూసి చూసి మోడల్ కూడా నేనే ఎంచుకున్నాను.

సైకిల్ షాపుకి మరిది గోపీని తోడు తీసుకెళ్ళాను. సైకిల్ నాకేనని ముందే చెప్పాను. నేనడిగిన ప్రతి ప్రశ్నకీ షాపాయన గోపీ మొహం చూసి జవాబు చెప్పాడు. ఆడవాళ్ళ మోడల్ తెప్పించడం కష్టమట. మగవాళ్ళ మోడల్ కీ దానికీ రంగే తేడా అట. మీడియం తీసుకుని సీటు దించుకుంటే సరిపోతుందట. ఇదంతా గోపీకే చెప్పాడు. గోపీ తలూపాడు.

ఆ మీడియం సైకిల్ భువనేశ్వర్ నుంచి వచ్చిన రోజు ఎక్కి చూస్తానన్నాను.

"పూజ అవ్వకండా ఎక్కకూడదమ్మా. ముందు గుడికెల్లి కొబ్బరికాయ కొట్టించండి" అన్నాడాయన.

మా ఇళ్ళలో రివాజు అదే. కొత్త బండి ముందు గుడికి వెళ్ళాలి, బొట్టు పెట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు నలగాలి, ఆ తర్వాతే మనిషి ఎక్కాలి. షాపు నిండా మగవాళ్ళు. అంతమంది ముందు కాలెత్తి అంత ఎత్తు సైకిల్ ఎక్కాలంటే నాకూ సిగ్గేసింది. సరేనన్నాను. పూజ అయ్యాక ఎక్కితే, హ్యాండిల్ అందుకోవడానికి ఒళ్ళంతా ముందుకి సాగదీయాల్సి వచ్చింది. మర్నాడు తిరిగి తీసుకెళ్తే ఆయన నవ్వాడు.

"పసుపు రాసిన బండి మల్లీ ఎవరు కొంటారమ్మా? అలవాటైపోద్దిలెండి."

మా పుట్టిల్లు హుమ్మ. ఒక ఆదివారం అక్కడ ఉప్పుమడుల గట్ల మీద తొక్కాను. దిగి స్నానం చేస్తుంటే కింద నీళ్ళు తగిలిన సంగతే తెలియలేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే చిగుళ్ళు ఎలా మొద్దుబారతాయో, అలా. సాయంత్రానికి స్పర్శ వచ్చేసింది. అమ్మకి చెప్పలేదు. తర్వాత వారాలు గడిచేకొద్దీ మొద్దుబారడం తగ్గి మంట మొదలైంది. నడిస్తే లేదు, పడుకుంటే లేదు, కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే.

మొదటి డాక్టరు గదిలో నాకంటే ముందొచ్చిన పేషెంట్లు ఇంకా అక్కడే ఉన్నారు. గొంతు తగ్గించి కింద మంటగా ఉందన్నాను. "లేడీస్‌కి ఇది కామన్, ఇన్‌ఫెక్షన్" అని యాంటీబయాటిక్ రాశాడు. యూరిన్ కల్చర్ నెగెటివ్ వచ్చింది. మళ్ళీ వెళ్తే మందు మార్చాడు. సైకిల్ మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

షాపులో నిలబడి చీరలు చూపించడం మొదలుపెట్టాను. అస్కా నుంచి ఏటా వచ్చే పెద్దావిడ ఒకరున్నారు. "ఏటమ్మా, మాతోపాటు కూకుంటే అరిగిపోతావేటి?" అని అందరి ముందూ అన్నారు. మోకాళ్ళ నొప్పులు పెద్దమ్మా అన్నాను. అదే మాట ఇంటికొచ్చింది. మా ఆయన నూనె తెచ్చి రోజూ సాయంత్రం నా మోకాళ్ళకి తనే రాసేవారు. కాళ్ళు చాపి రాయించుకున్నాను. నొప్పి లేని మోకాళ్ళకి ఆయన అంత శ్రద్ధగా నూనె మర్దనా చేస్తుంటే నేను గోడవైపు చూసేదాన్ని. ఎప్పుడైనా తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సైకిల్ షాపుకీ వెళ్ళాను. మీ సీటు వల్లే ఇదంతా అన్నాను. ఏదంతా అని అడిగాడు. మోకాలన్నాను. మోకాలికీ సీటుకీ సంబంధం ఏమిటని నవ్వాడు.  అసలు చోటు పేరెత్తలేక తిరిగొచ్చేశాను. ఆ తర్వాతే నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

చివరికి ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు తలుపు వేసింది. కూర్చుంటే ఎక్కువవుతుందా, నిలబడితే తగ్గుతుందా అని అడిగింది. తర్వాత, "సైకిల్ తొక్కుతారా?" అంది. ఏడ్చేశాను. మోకాళ్ళ అబద్ధంతో సహా అంతా చెప్పేశాను. పరీక్ష చేసి, "పుడెండల్ నర్వ్, అంటే ఆ చోట స్పర్శ తెలిపే నరం, ఒత్తిడికి గురైంది. ఎంఆర్ఐ చేసి వేరే జబ్బులేవీ లేవని చూసుకుందాం. మోకాలని ఎందుకు చెప్పారమ్మా ఇన్నాళ్ళూ?" అంది. ఎంఆర్ఐలో వేరే ఏమీ లేదు. నరాలకి టాబ్లెట్లు ఇచ్చారు, వాటితో పగలంతా మత్తు. సైకిల్ బంద్, నేల మీద కూర్చోవడం బంద్. విశాఖపట్నంలో నర్వ్ బ్లాక్, అంటే ఆ నరం దగ్గర నొప్పి తగ్గే ఇంజెక్షన్, చేయించుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి నిజం చెప్పాను. ఆయన నూనె సీసా తీసుకెళ్ళి లోపల పెట్టేశారు.

సగం తగ్గిందనుకునేసరికి ఇంట్లో పెళ్ళి వచ్చింది. ముత్తయిదువుల మధ్య కుర్చీ అడగడానికి మొహం చెల్లక పొద్దుట్నుంచీ చాప మీదే కూర్చున్నాను. మర్నాడు మంట మొదటికొచ్చింది. ఆ తప్పు ఎవరి మీదా తోయలేను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు సైకిల్ తెమ్మంది. గోపీ తెచ్చాడు. హాస్పిటల్ సైకిల్ స్టాండులో, ఓపీ కోసం వచ్చినవాళ్ళు చూస్తుండగా, స్తంభం పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒంగి చూసి, హ్యాండిల్ దూరమై నేను జారిపోతున్నాననీ, బరువంతా సీటు ముక్కు మీదే పడుతోందనీ చెప్పింది. వెనక షాక్ మీద వేలుపెట్టి, "మీరు కూర్చుంటే ఇది కొంచెం దిగాలి కదా, కదలడమే లేదేంటి?" అంది. షాక్‌లో గాలి నా బరువుకి చాలా ఎక్కువ. గతుకులన్నీ తినాల్సింది అది. అది బిగుసుకుని ఉంటే, వాటిని తిన్నది నా ఒళ్ళు.

గోపీని ఎక్కమంది. ఎక్కాడు. షాక్ మెత్తగా దిగింది. చేతులు హ్యాండిల్ మీద ఒద్దికగా ఆనాయి.

"ఒదినా, నాకైతే సరిగ్గా సరిపోయింది" అన్నాడు సంబరంగా.

"ఇది ఈయన సైకిలే" అంది ఆ అమ్మాయి.

గోపీకి అప్పుడర్థమైంది. దిగి, నావైపు చూడకుండా స్టాండు వేశాడు. నేనూ చూడలేకపోయాను. నాకెక్కడ నొప్పో అతనికి తెలిసిపోయిందన్న సిగ్గు ఒకపక్క. ఆ రోజు షాపులో కొలత చూసింది అతనికే, నేను పక్కన నిలబడ్డ తోడు మనిషిని అన్న సిగ్గు ఇంకోపక్క.

ఆ సైకిల్ ఇప్పుడు గోపీ తొక్కుతున్నాడు. నాది వేరే. ఆడవాళ్ళ మోడల్, స్మాల్, విశాఖపట్నంలో కొన్నాను. ముందు ఎక్కి కూర్చున్నాను, చూసేవాళ్ళని చూడనిచ్చాను. నా బరువుకి షాక్‌లో గాలి సరిచేయించాను. వెడల్పు సీటు, మధ్యలో ఖాళీ ఉన్నది వేయించాను. కొబ్బరికాయ ఆ తర్వాతే కొట్టాను. గోపాల్‌పూర్ తోటల్లో ఇప్పుడు కొంచెం దూరమే వెళ్తాను. చెట్ల వేళ్ళు తేలిన చోట సీటు మీంచి లేచి పెడల్స్ మీద నిలబడతాను. మా చీరల షాపులో మధ్య గుంట ఉన్న దిండు వేసుకుని కూర్చుంటున్నాను, కానీ ఎక్కువసేపు కాదు. కుడివైపు ఇంకా అప్పుడప్పుడు మొద్దుబారుతుంది. పూర్తిగా పోతుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

అమ్మలూ, అక్కలూ, ఒకటే చెప్తాను. సైకిల్ మీద కూర్చున్నాక కొబ్బరికాయ కొట్టండి, కొట్టేదాకా కూర్చోకుండా ఆగొద్దు.

ఇక షాపాయనకి. ఈ పత్రిక మీ కౌంటర్ మీద ఉంటుంది, నేను చూశాను. మీ పేరు రాయలేదు. మోకాలన్నందుకు మీరు నవ్వారు, అసలు చోటు ఏదో ఇప్పుడు ఊరందరికీ చెప్పేశాను. ఇక నా దగ్గర దాచుకునేదేమీ లేదు, మీకు తప్పించుకునే దారీ లేదు. సైకిల్ నాకని ముందే చెప్పాను కదా, మరి ఆ రోజు మీరు ఎవరిని చూసి తెప్పించారు? ఫోన్ ఎత్తి నాకే చెప్పండి. గోపీకి కాదు.