లెక్క చూపించని జవాబు

లంజిపల్లిలో మా పక్కింటి రిటైరైన లెక్కల మాస్టారు, పేరుమోసిన మదుపరులు తమ వాటాదారులకు రాసిన ఉత్తరాలను ప్రింటు తీయించి, పరీక్ష పేపర్లలా ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఫలానా షేరు ఎందుకు కొన్నారో, ఎందుకు ఏళ్ల తరబడి అట్టే పెట్టుకున్నారో వివరంగా రాస్తేనే మార్కులు. కోట్లు గడించిన ఒకాయనకు పదికి నాలుగే వేశారు!

ఓ ఆదివారం నేను కొన్న షేరు ధర రెట్టింపైందని ఉన్న స్టేట్‌మెంటు కాగితం ఆయనకు చూపించి, పి.ఎఫ్. డబ్బు కూడా అందులోనే పెడతానన్నాను.

"ఎందుకు కొన్నావో సెప్పరా."

"మా ఆఫీసులో ఫ్రెండు కొనమన్నాడు మాస్టారూ."

ఆ కాగితం మీద ఎర్రగా సున్నా చుట్టారు.

"రెట్టింపైంది కదండీ!"

"జవాబు సరే, లెక్క ఏదీ? పక్కోడి పేపర్లో సూసి రాసినోడికి నానెప్పుడైనా మార్కులేసానేటి?"

నాకు ఉక్రోషం వచ్చింది. "మరి మీరు రోజూ చూసేవి పక్కవాళ్ల పేపర్లే కదా?"

ఆయన నవ్వారు. "ఆల జవాబుల్తో నాకేటి పని? లెక్క ఎలా సేసారో సూత్తన్నాను."

ఇంటికొచ్చి, ఆ షేరు కొనడానికి నా కారణమేమిటో అదే కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. కాగితం మీద పెన్నుతో రాసింది ఆయన చుట్టిన సున్నా ఒక్కటే.