తాతయ్య పళ్ళు కదిలిన రెండు రోజులు

నా చిన్నప్పుడు, మూడో తరగతి సెలవుల్లో, మా తాతయ్య నన్ను మొదటిసారి హైదరాబాదు తీసుకువెళ్ళాడు. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి కర్ణాటకలోని సింధనూరు దగ్గర తుంగభద్ర కాలువ కింద వరి వేసుకుంటూ స్థిరపడినవాళ్ళు. తాతయ్యతో ఒకే ఊళ్ళో పెరిగిన స్నేహితుడు మాత్రం హైదరాబాదు చేరాడు. ఏటా కొత్త వడ్లు మిల్లులో ఆడించగానే మొదటి సంచి బియ్యం ఆయనకు చేరాలి. ఆ తరువాతే మా ఇంట్లో కొత్త బియ్యం పొయ్యెక్కేది.

రోజూ జరిగింది రాసుకునే అలవాటు నాకు అప్పటికే ఉంది. అయినా ఆ ప్రయాణం గురించి నా నోటుబుక్కులో రెండంతస్తుల బస్సు, ఇరానీ హోటలు టీ వాసన, ఒక్కసారిగా వెలిగిన వీధి దీపాలు అని మూడు ముక్కలే ఉన్నాయి. మిగతాదంతా నిద్రలో నడిచినట్టు గడిచింది. బస్సు పై అంతస్తులో కూర్చుంటే చెట్ల కొమ్మలు కిటికీని నిమిరి వెళ్ళేవి. మేము కదులుతున్నామో, ఊరే మా పక్కనుంచి కాలువ నీళ్ళలా పారుతోందో తెలిసేది కాదు.

ఆ ఇంటికి మూడు నెలల కిందటే కోడలు వచ్చింది. నగరంలోనే పుట్టి పెరిగిన పిల్ల. నన్ను ఆమెను అత్తయ్యా అని పిలవమన్నారు. తాతయ్య స్నేహితుడి భార్య, నేను మామ్మా అని పిలిచే ఆవిడ, మనసు మంచిదే గాని నోరు గట్టిది. మర్నాడు ఇరుగుపొరుగు నలుగురినీ భోజనానికి పిలిచింది.

"ఇవాళ వంటంతా నీదే. నెగ్గుకొచ్చావా, ఇకనుంచి వంటిల్లు నీది. లేకపోతే మీ అమ్మ దగ్గరికెళ్ళి నేర్చుకుని రా" అని కోడలితో నవ్వుతూనే అంది. అత్తయ్య నవ్వలేదు.

వండాల్సింది మేము తెచ్చిన కొత్త బియ్యం. దానికి ఎసరు తక్కువ పెట్టాలి. మాలో అది ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు కనుక. తాతయ్యా చెప్పలేదు, మామ్మా చెప్పలేదు. కొట్లో పాత బియ్యం కొనుక్కునే ఇంట్లో పెరిగిన అత్తయ్య అలవాటు కొద్దీ నిండుగా నీళ్ళు పోసింది.

నేను మంచినీళ్ళకని వెళ్ళేసరికి ఆమె గిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. గిన్నెలో మెతుకు మెతుకూ కలిసిపోయిన ముద్ద. ఆమె కళ్ళలో నీళ్ళు. బయట అప్పుడే విస్తళ్ళు పరుస్తున్నారు. నేను పరుగున వెళ్ళి తాతయ్య చెవిలో ఊదాను. ఒకరి తప్పు ముందుగా నేనే కనిపెట్టానన్న సంబరం తప్ప నాకప్పుడు వేరే ఏమీ తోచలేదు.

వడ్డనకు గరిటె ముంచగానే మామ్మ ముఖం మారింది. "ఏమే, ఇదేంటి..." అంటూండగానే తాతయ్య అందుకున్నాడు.

"చెల్లెమ్మా, పిల్లనేమీ అనకు. మెత్తగా వండమని నేనే చెప్పాను. పళ్ళు కదులుతున్నాయి. ఇంత పెరుగు కలిపి తాలింపు వేయించు, దద్దోజనం తిందాం."

"పళ్ళు కదలడమేంట్రా? పోయినేడు చెరుకుగడ పళ్ళతోనే చీల్చావుగా" అన్నాడు స్నేహితుడు.

"పోయినేడు వేరు, ఈ ఏడు వేరు. ముసలితనం నీ ఒక్కడి సొత్తా?"

అందరూ నవ్వారు. ఆయన పళ్ళు రాళ్ళలా ఉంటాయని చెప్పడానికి నేను నోరు తెరిచాను. విస్తట్లోని బొబ్బట్టు ముక్క తుంచి తాతయ్య నా నోట్లో కుక్కాడు.

దద్దోజనం అందరూ మారు అడిగి తిన్నారు. "మా కోడలే చేసింది" అని మామ్మ నలుగురికీ చెప్పుకుంది. మర్నాడు పోపు డబ్బా ఎక్కడ పెట్టావని మామ్మ అత్తయ్యనే అడగడం నేను విన్నాను.

మామ్మ ఒక మాట నమ్మిందంటే పూర్తిగా నమ్మేది. తాతయ్యకు జంతికలంటే ప్రాణం. ఆ సాయంత్రం జంతికల డబ్బా తీసి, "అన్నయ్యగారికి పెట్టకండర్రా, పాపం పళ్ళు" అని ఆయనకు పాలల్లో నానబెట్టిన రొట్టె ఇచ్చింది. మర్నాడూ అంతే. ఆవకాయలో ముక్క తీసేసి ఊట మాత్రం వేసింది. నేను పక్కన కరకరలాడిస్తుంటే ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ రొట్టె తినేవాడు.

బయలుదేరేటప్పుడు అత్తయ్య నా చేతిలో కాగితం పొట్లం పెట్టి, వంగి గుసగుసగా అంది: "తాతయ్యగారి పళ్ళు కృష్ణ దాటాక గట్టిపడతాయిలే. అప్పుడివ్వు."

శక్తినగర్ దగ్గర కృష్ణ వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఎక్కడో కింద నీళ్ళు మధ్యాహ్నపు ఎండలో కదలకుండా మెరుస్తున్నాయి. పొట్లం విప్పాను. తాతయ్య జంతిక విరిచిన చప్పుడుకు ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు.

"అబద్ధం ఆడావు కదా తాతయ్యా" అన్నాను.

"ఆడానమ్మడూ. అందుకేగా రెండు రోజులు నోరు కట్టుకున్నాను. అబద్ధం ఆడితే దాని ఇబ్బంది ఆడినవాడే పడాలి. ఆ పిల్ల పడకూడదు" అని ఇంకో జంతిక తీసుకున్నాడు.

చాలా ఏళ్ళకు, ఆఫీసులో నా కింద కొత్తగా చేరిన అమ్మాయి ఒక ముఖ్యమైన కాగితం పొరపాటున వేరే ఊరికి పంపించింది. నేనే పంపమన్నానని పైవాళ్ళతో చెప్పాను. దాంతో నేను కోరుకున్న బదిలీ రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ రెండేళ్ళూ ఆమె నా ఎదురు బల్ల దగ్గరే పనిచేసింది. నీవల్లే ఆగిపోయానని ఒక్కసారైనా అనాలనిపించలేదా అంటే, చాలాసార్లు అనిపించింది. అనలేదు.