ఇల్లు తిప్పే ల్యాప్‌టాప్

ఇప్పుడంటే చెప్పులు కొనాలన్నా ఫోన్‌లో పది మంది అభిప్రాయాలు చదివి గానీ కొనడం లేదు. కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లలో మా హాలియా వైపు అలా ఉండేది కాదు. ఒకరు ఒక వస్తువు కొంటున్నారంటే చుట్టాలందరూ వెంట బయల్దేరేవాళ్లు, తలా ఒక సలహా ఇచ్చేవాళ్లు, కొన్నాక అది చెడిపోతే "నేను అప్పుడే చెప్పిన" అనేవాళ్లు. నేను నా మొదటి ల్యాప్‌టాప్ (నా వరకే మొదటిది, దానికి మాత్రం నేను రెండో యజమానిని) కొన్న ముచ్చట గుర్తొస్తే ఇప్పటికీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. పక్కన ఎవరైనా ఉంటే ఎందుకు నవ్వావని అడుగుతారు, అప్పుడు ఇదంతా చెప్పాల్సి వస్తుంది. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అప్పుడు నేను నల్లగొండలో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, ఇళ్ల ప్లాన్లు గీసే ఒక సారు దగ్గర పనికి కుదిరాను. పని అంటే పెద్దగా ఊహించుకోకండి, జాగా కొలిచేటప్పుడు టేపు కొస పట్టుకుని ఎండలో నిలబడటం. సాగర్ కాలువ నీళ్లతో నాలుగు గింజలు కళ్లజూసిన ప్రతివాళ్లూ పెంకుటిల్లు కూలగొట్టి స్లాబు వేస్తున్న కాలం. కట్టకముందే ఇల్లు ఎలా ఉండబోతుందో రంగులతో సహా చూపించే త్రీడీ బొమ్మలంటే జనానికి పిచ్చి. సారు దగ్గర ఒకే కంప్యూటర్ ఉండేది, దాని దుమ్ము కూడా ఆయనే తుడుచుకునేవాడు. "సొంత సిస్టం తెచ్చుకో, త్రీడీలు నీకే ఇస్తా. లేదంటే టేపు పట్టు" అన్నాడు ఒకరోజు. సరిగ్గా అప్పుడే తిరుమలగిరి నుంచి మాకు వరసకు చిన్నాన్న అయ్యే ఒకాయన (ఎక్కడికి పోయినా ట్రాక్టరు మీదే పోతాడు గనుక అందరికీ ట్రాక్టర్ కాక) ఇంటికొచ్చి, "బిడ్డా, నా ఇంటి బొమ్మ నువ్వే చెయ్యి. నచ్చితే మా అన్న ఇల్లు గూడ నీకే. నచ్చకపోతే మాత్రం ఏమనుకోకు, పట్నం పోయి చేయించుకుంట" అని తేల్చేశాడు. ఆ బొమ్మ నచ్చితే నేను డిజైనర్‌ని, నచ్చకపోతే జన్మంతా టేపు కొస.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మా చేతిలో ఉన్నదానికి వాడిన ల్యాప్‌టాపే వస్తుంది, అందులోనూ అన్నీ రావు. ప్రాసెసర్ బలమైనది తీసుకుంటే బొమ్మ తొందరగా తయారవుతుంది గానీ తెర మీద ఇంటిని అటూ ఇటూ తిప్పి చూపించబోతే నత్తి పట్టినట్టు ఆగి ఆగి కదులుతుంది. గ్రాఫిక్స్ కార్డు బలమైనది తీసుకుంటే ఇల్లు బొంగరంలా తిరుగుతుంది గానీ చివరి ఫోటో తయారవడానికి పొద్దు గూకుతుంది. హాస్టల్లో నాతో చదివిన స్నేహితురాలు "ప్రాసెసరే తీసుకోవే, నా మాట విను" అని ఫోన్‌లో ఒట్టు వేయించుకుంది. మా బావ (అక్క మొగుడు, లోకంలో ఆయనకు తెలియనిదంటూ లేదు) "గ్రాఫిక్స్ లేనిది ల్యాప్‌టాపే కాదు పిల్లా, టైపు మిషన్" అన్నాడు. ఆయన ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. పొద్దున ప్రాసెసర్ అనుకునేదాన్ని, అన్నం తినే వేళకు గ్రాఫిక్స్ అనుకునేదాన్ని, పడుకునే ముందు అసలు సివిల్ ఎందుకు చదివానా అనుకునేదాన్ని.

చివరికి నల్లగొండలో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణానికి బాపు (మా నాన్న), బావ, నేను ముగ్గురం వెళ్లాం. బాపు తెల్ల ధోవతి కట్టి, భుజాన తువ్వాల వేసుకుని, అంగడికి ఎడ్ల కోసం పోయినట్టే వచ్చాడు. దుకాణపాయన రెండు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టాడు. ఒకటి సన్నగా ఉన్న ప్రాసెసర్‌ది, రెండోది ఎర్రలైట్లు వెలిగే గ్రాఫిక్స్‌ది. నేను అడగాల్సినవన్నీ రాత్రంతా బట్టీపట్టుకుని వచ్చాను. నోరు తెరిచేలోపే బాపు ఎర్రలైట్లదాని మీద చెయ్యేసి మొదలుపెట్టాడు.

"ఇది ఎవరి చేతిలుండె? ఎందుకమ్ముకున్నడు?"

"ఇంజనీరింగు పిల్లగానిది పెద్దాయనా. నౌకరొచ్చింది, కొత్తది కొనుక్కున్నడు."

"నౌకరొచ్చిందా!" బాపు మొహం విప్పారింది. "ఇంకోటి?"

"అది ఒక ఆఫీసుది. మూసేసిండ్రు."

"మూతపడ్డ ఆఫీసుదా? దాన్ని గట్లనే పక్కకు పెట్టు."

అలా ప్రాసెసర్ బతుకు సగం తేలిపోయింది. మిగతా సగం బాపు చేతుల్లో తేలింది. ఒక్కోదాన్నీ ఒక్కో చేత్తో లేపి, కళ్లు మూసుకుని తూచాడు. సన్నదాన్ని దించేసి, "ఇందుల ఏమున్నది? అట్టముక్క లెక్కున్నది" అన్నాడు. గ్రాఫిక్స్‌దాన్ని రెండో చెయ్యి కూడా ఆనించి లేపి, "ఇగో, ఇందుల మాల్ ఉన్నది" అన్నాడు. బావ వెనక నుంచి నాకు కన్నుకొట్టాడు. "బాపూ, దీన్ని తూకమేసి కొనరు" అన్నాను ఏడుపు గొంతుతో. "ఇత్తడి బిందె గూడ గట్లనే అన్నరు" అన్నాడు బాపు. (ఏ బిందె, ఎవరన్నారు అన్నది నాకు ఈనాటికీ తెలియదు.) ఆ బరువైనదాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో హాలియా చేరేసరికి నా తొడలు తిమ్మిరెక్కాయి. అయినా లోపల సంతోషంగానే ఉంది. కాక ముందు ఇల్లు గిర్రున తిప్పుతాను, ఆయన నోరు వెళ్లబెడతాడు, అంతే అనుకున్నాను.

కాక నిజంగానే నోరు వెళ్లబెట్టాడు. ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు మీద కాక, చిన్నమ్మ, కాక వాళ్లమ్మ దిగారు. ఆ ముసలమ్మను మేమందరం అవ్వ అనే పిలిచేవాళ్లం. అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టి, నేను కట్టిన తూర్పు వాకిలి ఇల్లు తెర మీద చూపించాను. చిన్నమ్మ "అబ్బ, ఏం రంగులే" అంది. నేను ఉత్సాహంగా మౌస్ పట్టుకుని ఇంటిని ఒక్క తిప్పు తిప్పాను. ఎక్కడా ఆగకుండా నూనెలో తిరిగినట్టు తిరిగింది.

"వాకిలి తూర్పుకని గద చెప్పిన? దక్షిణానికి తిప్పినవేంది?" అన్నాడు కాక.

"లేదు కాకా, ఇల్లు గాడనే ఉన్నది. మనమే దాని చుట్టు తిరుగుతున్నం."

"నేను ఈన్నే కూసున్న గద బిడ్డా," అంది అవ్వ, "ఎప్పుడు తిరిగిన?"

నన్ను ఆదుకుందామని బావ మౌస్ లాక్కున్నాడు. తుపాకుల ఆట అలవాటు కదా, ఒక్క విసురు విసిరాడు. ఇల్లు తలకిందులైంది. స్లాబు కిందికి, పునాది ఆకాశంలోకి. చిన్నమ్మ "అయ్యో దేవుడా" అని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. కట్టకముందే ఇల్లు బోర్లాపడితే ఎవరికి బాగుంటుంది చెప్పండి? కాక లేచి తువ్వాల దులిపాడు. "పోదాం పాండ్రి. పట్నంలనే చూసుకుందాం."

ఆ క్షణంలో టేపు కొస నా వేళ్లకు తగిలినంత పనైంది. అప్పుడు బాపు లేచి, "తమ్మీ, జర ఆగు. తూర్పు చూపెడితే అయిపాయె గద" అని, బావను ఒక పక్క పట్టుకోమని, ల్యాప్‌టాప్‌తో సహా బల్లను లేపి పడమటి గోడకు చేర్చాడు. వైరు బిగుసుకుపోయింది. నేను తలకిందులైన ఇంటిని సరిచేసి వాకిలి ఎదురుగా వచ్చేలా నిలబెట్టాను. బొమ్మలోని వాకిలి ఇప్పుడు నిజంగానే తూర్పు వైపు చూస్తోంది. అవ్వ వచ్చి ఎదురుగా నిలబడి, వెనక్కి తిరిగి పొద్దుపొడుపు ఎటుందో చూసుకుని, మళ్లీ తెర చూసి, "ఇగ మంచిగున్నది. కదిలియ్యకు" అంది. కదిలించకు! దేనికోసం నేను నిద్ర మానుకున్నానో, ఏ గ్రాఫిక్స్ కోసం మావాళ్లంతా వాదులాడారో, దాని పని ఆ ఒక్క మాటతో ముగిసిపోయింది.

"గిట్లనే పెద్ద ఫోటో తియ్యి బిడ్డా, మా అన్నకు చూపియ్యాలె" అన్నాడు కాక కూర్చుంటూ. అది ప్రాసెసర్ పని. మూతపడ్డ ఆఫీసువాళ్ల సన్న ల్యాప్‌టాప్‌ను తలుచుకుని బటన్ నొక్కాను. తెర మీద ఒక మూల నుంచి చిన్న చిన్న చదరాలు ఒక్కోటీ నిండటం మొదలైంది. లోపలి ఫ్యాను వడ్లు తూర్పారబట్టినట్టు ఊదుతోంది. "టైం పడుతది కాకా, రేపు రాండ్రి" అన్నాను. "ఏడికి పోతం? అయ్యేదాక కూసుంటం" అన్నాడు. కూర్చున్నారు. అమ్మ ఇంకో గిన్నె బియ్యం కడిగింది.

సిగ్గుతో చచ్చిపోతున్న నాకు కాసేపటికి ఒక వింత కనబడింది. వాళ్లు విసుక్కోవడం లేదు. "ఇగో, పిట్టగోడ లేసింది", "గా కిటికీ పెద్దగున్నది చూడు", "గీడ తులసికోట పెడుదాం" అనుకుంటూ, మేస్త్రీలు నిజంగా గోడలు లేపుతుంటే చూస్తున్నట్టు చూస్తున్నారు. చదరాలు వాకిలి దగ్గరికి వచ్చేసరికి అవ్వ అడిగింది: "అరుగేది?"

"అరుగెందుకమ్మా, గాడ కారు పెడుతం" అన్నాడు కాక.

"మరి నేనేడ కూసోవాలె?"

"లోపల ఏసీల కూసో."

"ఏసీల కూసుంటే వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు ఎట్ల కనబడుతర్రా?"

ఆ మాట నాకెందుకో గుచ్చుకుంది. సగం నిండిన బొమ్మను ఆపేసి, వాకిలి పక్కన అరుగు కట్టి, మళ్లీ మొదటినుంచి నొక్కాను. కాక నెత్తి కొట్టుకున్నాడు గానీ లేవలేదు. బొమ్మలో పెట్టడానికి మనుషుల ఫోటోలు కూడా నా దగ్గర ఉంటే, ఒక ఆడమనిషిని తెచ్చి అరుగు మీద పెట్టాను. ఉన్నవాళ్లంతా విదేశాలవాళ్లే. పొట్టి గౌను, ఎత్తు చెప్పులు, చేతిలో సంచి. "గిది నేనేనా?" అని అవ్వ పడీపడీ నవ్వింది. "నా గోచి చీర ఏది బిడ్డా? మీ తాత సూస్తే పారిపోతుండె." అందరం కడుపుబ్బ నవ్వాం. అప్పుడు అవ్వనే మా ఇంటి గడప మీద కూర్చోబెట్టి ఫోన్‌తో ఫోటో తీసి, ఆ విదేశీ ఆమెను పంపించేసి, అవ్వను అరుగు మీద కూర్చోబెట్టాను. దీపాలు పెట్టే వేళకు బొమ్మ పూర్తయింది. కాక చాలాసేపు చూసి, "మా అన్నది గూడ నువ్వే చెయ్యి" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి అమ్మను పట్టుకుని ఏడ్చాను.

ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశానికి అందరం వెళ్లాం. తూర్పు వాకిలి, రంగులు, పిట్టగోడ, అన్నీ నా బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. అరుగు లేదు. ఆ జాగాలో కొత్త కారు, దాని మీద పూలదండ. లోపల హాల్లో నా బొమ్మను పెద్దగా చేయించి అద్దం కట్టించారు. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో అవ్వ కూర్చుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "కారుకు జాగా చాల్లేదంట బిడ్డా. అయితేంది, గాడ కూసున్న గద" అని గోడ మీదికి వేలు చూపించి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట విందులో బగారన్నం మాత్రం తినకుండానే లేచి వచ్చాను.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది. ప్రాసెసరూ గ్రాఫిక్సూ రెండూ మంచివే ఉన్న మిషనుంది. ఇల్లు గీయించుకోవడానికి వచ్చినవాళ్లు టీ తాగేలోపు ఫోటో వచ్చేస్తుంది, "వాట్సాప్ చెయ్యమ్మా" అని వెళ్లిపోతారు. ఎంత చిన్న జాగా అయినా, ఎవరూ అడగకపోయినా, నేను ముందు ఒక అరుగు గీస్తాను. రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య నలిగి నిద్ర మానుకున్న ఆ పిల్లను తలుచుకుంటే జాలి, నవ్వు రెండూ వస్తాయి. పాపం, ఆ పిల్లకు అరుగు సంగతే తట్టలేదు. "ఇది తీసెయ్యండి మేడం, బండి పెట్టుకుంటం" అంటారు చాలామంది. అలాగే అంటాను. కానీ తీసేసే ముందు ఇంట్లో పెద్దవాళ్ల ఫోటో ఒకటి అడిగి, ఒక్కసారి వాళ్లను ఆ అరుగు మీద కూర్చోబెట్టి చూపిస్తాను. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు కాసేపు చూసి, "ఉండనియ్యండి మేడం" అంటారు.